ఇసుక నేలలో జియోపాలిమర్ ఇంజెక్షన్ చేయించాం, గోడ నిలబడింది కానీ బిల్లు దగ్గర పేచీ వచ్చింది (పెర్త్)

మేము ఉండేది పెర్త్‌లో, సిటీకి ఉత్తరం వైపు. పాత ఇల్లు కొన్నాం, వెనకాల పెరడు బాగా పెద్దదే కానీ పక్కింటి వైపుకి ఎత్తుగా ఉంటుంది. అమ్మానాన్న వచ్చినప్పుడు ఉండటానికి వెనకాల చిన్న గ్రానీ ఫ్లాట్ కట్టిద్దాం అనుకున్నాం, అది కట్టాలంటే ఆ ఎత్తు తీసేసి చదును చెయ్యాలి, సరిహద్దు వెంబడి 11 మీటర్ల పొడవున 1.8 మీటర్ల లోతు కట్ అన్నమాట. సరే తవ్వించేద్దాం అనుకుంటే అటువైపు పక్కింటాయన గరాజు గోడ సరిగ్గా 700 మిల్లీమీటర్ల దూరంలో ఉంది. డబల్ బ్రిక్ గోడ, ఇక్కడ పాత ఇళ్ళన్నీ అంతే, పక్కపక్కన రెండు వరసల ఇటుక, కింద ఒక సన్నటి కాంక్రీటు పునాది, అదీ నేలలోకి అడుగున్నర కూడా లేదు.

పెర్త్ గురించి తెలియని వాళ్ళకి ఒక మాట, ఇక్కడ ఊరు ఊరంతా ఇసుక మీదే ఉంటుంది. స్వాన్ కోస్టల్ ప్లెయిన్ అంటారు, సముద్రం వైపు నుంచి లోపలికి వరసగా పాత ఇసుక దిబ్బలే, కింద అక్కడక్కడ సున్నపురాయి. పునాదికి మంచి నేలే, ఉబ్బదు, చీలదు, గుంటూరు నల్లరేగడిలాంటి తలనొప్పి లేదు. తవ్వేటప్పుడే దీని అసలు రంగు బయటపడుతుంది. ఎండాకాలం గోదాట్లో చెలమ తవ్విన వాళ్ళకి ఇది చెప్పక్కర్లేదు, దోసిలి తీసేలోపు పక్కనుంచి రెండు దోసిళ్ళు జారి పడుతుంది, చివరికి జానెడు నీళ్ళ కోసం బండి చక్రమంత గొయ్యి అవుతుంది. ఇదీ అంతే. పొడి ఇసుక తనంతట తను నిలబడే వాలు 30 నుంచి 34 డిగ్రీలు, అంటే 1.8 మీటర్లు తవ్వితే పైన దాదాపు మూడు మీటర్లు వెనక్కి జారుతుంది, మాకేమో ఉన్నది 0.7 మీటరు. పొద్దున్న తడిగా ఉన్నప్పుడు నిటారుగా నిలబడి మనల్ని మోసం కూడా చేస్తుంది, మధ్యాహ్నం ఎండకి ఆరగానే మాటామంతీ లేకుండా దిగిపోతుంది.

నాన్నగారు ఇరిగేషన్‌లో వర్క్ ఇన్‌స్పెక్టర్‌గా చేసి రిటైరయ్యారు. వీడియో కాల్‌లో పెరడంతా చూపిస్తే ఆయన అడిగింది ఒకటే, "ఒరేయ్, ఇసుకలో నుయ్యి తవ్వేవాడు ముందు వర దింపి, ఆ వర లోపల కూచుని తవ్వుతాడు. తవ్వాక వర పెట్టేవాణ్ణి నేనెక్కడా చూళ్ళేదు. మీవాళ్ళు ముందేం పెడతారో కనుక్కో" అని. ఆ తర్వాత నేను తెప్పించిన ప్రతి కోట్‌నీ ఈ ప్రశ్న పెట్టుకునే చూశా.

మొదట వచ్చిన ఎర్త్‌మూవింగ్ ఆయన "ఏం కాదు మేట్, మూడేసి మీటర్లు తవ్వుకుంటూ పొయ్యి వెంటనే గోడ కట్టేద్దాం" అన్నాడు, థాంక్స్ చెప్పి పంపించేశా. రెండో ఆయన షీట్ పైల్స్ అన్నాడు, వదులు ఇసుకలో వైబ్రేషన్‌తో రేకులు దింపితే ఇసుక కుదించుకుని దాని మీదున్నది కూడా దిగుతుంది, పక్కన డబల్ బ్రిక్ గోడ పెట్టుకుని ఆ సాహసం చెయ్యలేం. మూడోది చిన్న కాంక్రీటు పైల్స్, అంటే నేలలోకి దింపే స్తంభాలు, వరసగా వెయ్యడం, పద్ధతి గట్టిదే, కాకపోతే మా ఇంటి పక్క సందు 1.1 మీటరు, వాటిని దింపే మిషన్ (రిగ్) దూరదు, క్రేన్‌తో ఇంటి మీదుగా దింపాలన్నారు, ఆ కోట్ చూసి మా ఆవిడ గ్రానీ ఫ్లాట్ వద్దులే అత్తయ్యగారికి మన గదే ఇచ్చేద్దాం అనేసింది. నాలుగోది ఈ ఇంజెక్షన్. ట్రక్కు రోడ్డు మీదే ఉంటుంది, పైపులు మాత్రం వెనక్కి లాక్కెళ్ళి, సన్నటి గొట్టాలు నేలలోకి కొట్టి రెసిన్ ఎక్కిస్తారు, ఇసుక రేణువులు ఒకదానికొకటి అంటుకుని రాయిలా అవుతుంది, ఆ తర్వాత దాని ముందు నిటారుగా తవ్వుకోవచ్చు. పైల్స్ కోట్‌తో పోలిస్తే నాలుగో వంతు తక్కువ. నాన్నగారికి చెప్తే "అంటే వర ముందే పెడుతున్నారన్నమాట, కానీ కంటికి కనపడని వర" అన్నారు.

ఇప్పుడు ఈ పేరు గొడవ. వాళ్ళ బ్రోషర్ నిండా జియోపాలిమర్ జియోపాలిమర్ అని ఉంటుంది. నిజానికి జియోపాలిమర్ అనే మాట ఫ్రాన్స్ కెమిస్ట్ జోసెఫ్ డావిడోవిట్స్ 1970లలో పెట్టింది, ఫ్లై యాష్ (బొగ్గు బూడిద), స్లాగ్ (ఇనుము కొలిమి చిట్టెం) లాంటి వాటిని క్షారంతో కలిపి సిమెంట్ లేకుండా రాయిలా గట్టిపడేలా చేసే పదార్థం, ఈ దేశంలోనే టూవుంబా దగ్గర వెల్‌క్యాంప్ ఎయిర్‌పోర్టుకి, 2014లో ఓపెన్ అయింది, ఆ రకం కాంక్రీటు వాడారు. మా దగ్గరికి డ్రమ్ముల్లో వచ్చింది మాత్రం పాలీయూరిథేన్, అంటే ఒక డ్రమ్ములో పాలియాల్, ఇంకో డ్రమ్ములో ఐసోసయనేట్, రెండూ కలిస్తే గట్టిపడే ప్లాస్టిక్ జిగురు. ఆ ఎస్టిమేటర్ కుర్రాణ్ణి "బాబూ ఇందులో బూడిద ఎక్కడుంది" అని అడిగితే తెల్లమొహం వేశాడు, తర్వాత "ఇండస్ట్రీలో అందరూ అలాగే అంటారు సార్" అన్నాడు. అనడం నిజమే, నేల లెవెల్ చేసే కంపెనీలు చాలావరకు ఈ రెసిన్లనే జియోపాలిమర్ అని అమ్ముతాయి. మోసం అనను గానీ కొనేవాడికి తాను కొంటున్నదేంటో తెలియాలి కదా, ఎందుకంటే రెండిటి గుణాలు వేరు, జాగ్రత్తలు వేరు, ప్లాస్టిక్ జిగురు ఎండలో ఉంచితే పాడవుతుంది, అందుకే తవ్విన ముఖం ఎక్కువ రోజులు అలా వదిలెయ్యకూడదు.

ఇంకోటి, వీళ్ళ దగ్గరే రెండు రకాలు ఉంటాయి, కోట్ తీసుకునేటప్పుడు ఏది అని అడగండి. ఒకటి నురగలా పొంగేది, కుంగిన స్లాబు కింద వేసి పైకి లేపటానికి. రెండోది పొంగదు, బాగా పల్చగా ఉండి ఇసుక సందుల్లోకి ఇంకిపోయి అక్కడ గట్టిపడుతుంది. మాకు కావల్సింది ఈ రెండోది. పొంగేది పొరపాటున గరాజు పునాది పక్కన వేస్తే గోడని కొన్ని మిల్లీమీటర్లు లేపినా లేపుతుంది, అలా లేచినా డబల్ బ్రిక్ పగులుతుంది.

పేపర్ పని చెప్పకపోతే రివ్యూ పూర్తి కాదు. వెస్టర్న్ ఆస్ట్రేలియాలో 2022 నుంచి ఉన్న వర్క్ సేఫ్టీ రూల్స్ ప్రకారం 1.5 మీటర్లకన్నా లోతు ట్రెంచ్ అంటే హై రిస్క్ పని కిందకి వస్తుంది, షోరింగో (పక్కలు జారకుండా ఆనింపు పెట్టడం), మెట్లుగా తవ్వడమో, వాలు ఇవ్వడమో చెయ్యాలి, అవేవీ వద్దంటే జియోటెక్నికల్ ఇంజనీర్, అంటే నేల సంగతి చూసే ఇంజనీర్, రాతపూర్వకంగా ఇవ్వాలి. అందుకే కంపెనీ మనిషి మాట కాకుండా మా తరఫున వేరే జియోటెక్ ఇంజనీర్‌ని పెట్టుకున్నాం, ఈ మొత్తం ఖర్చులో నేను సంతోషంగా ఇచ్చిన డబ్బు అదొక్కటే. ఇక రెసిన్ పక్కింటి నేల కిందకి కూడా వెళ్తుంది కదా, బిల్డింగ్ యాక్ట్ 2011 కింద బీఏ20 ఫారం మీద పక్కింటాయన సంతకం కావాలి. ఆయన ఇటలీ నుంచి ఎప్పుడో వచ్చి స్థిరపడిన పెద్దాయన, ఒకప్పుడు తాపీ పనే చేసేవాడట, కాఫీ ఇచ్చి కూచోబెట్టి గంటసేపు నన్నే పరీక్ష చేశాడు. గరాజు గోడ గురించి ఒక్క ముక్క అడగలేదు, ఆయన బెంగంతా బోర్ నీళ్ళ గురించే, తోటకి ఆ బోరే ఆధారం, రెసిన్ నీళ్ళలో కలుస్తుందా అని. ప్రభుత్వం వాళ్ళ పెర్త్ గ్రౌండ్‌వాటర్ మ్యాప్ తెరిచి మా దగ్గర నీటి మట్టం మేం ఎక్కించే లోతుకి చాలా కిందన ఉందని చూపించాక సంతకం పెట్టాడు. గోడకి ముందు ఫొటోలు తీయించి, అప్పటికే ఉన్న పగుళ్ళు కొలిచి రాయించాం, ఇది మాత్రం ఎవరూ మానకండి.

టెస్టింగ్ రోజు నాకు భలే నచ్చింది. పెర్త్ ఇసుక కోసమే ఒక పరీక్ష ఉంది తెలుసా, పేరే పెర్త్ శాండ్ పెనిట్రోమీటర్, 16 మిల్లీమీటర్ల ఇనప కడ్డీ, మొన ఉండదు, అడుగు మొద్దుగా ఉంటుంది, దాని మీద 9 కేజీల బరువుని 600 మిల్లీమీటర్ల ఎత్తు నుంచి వదులుతూ 300 మిల్లీమీటర్లు దిగటానికి ఎన్ని దెబ్బలు పట్టిందో లెక్కపెడతారు. ఇక్కడ ఇల్లు కట్టే చదును నేలకి (ప్యాడ్) సాధారణంగా 8 దెబ్బలు అడుగుతారు. మా సరిహద్దు దగ్గర 3, 4, ఒకచోట అయితే 2. ఇంజనీరమ్మ నోట్‌బుక్‌లో రాసుకుంటూ "మీ పాత ఓనరు ఇక్కడ ఏదో తవ్వి పూడ్చినట్టున్నాడు" అంది. ఆ మాట అప్పుడు ఎవరం పట్టించుకోలేదు, నేనూ పట్టించుకోలేదు, గుర్తుపెట్టుకోండి మళ్ళీ వస్తుంది.

మార్చి చివర్లో రెండు రోజులు పని. అర మీటరుకి ఒకటి చొప్పున రెండు వరసలు, వెనక వరస ముందు వరస సందుల్లో వచ్చేలా, మొత్తం 45 పాయింట్లు, లోతు 2.6 మీటర్లు, అంటే తవ్వే అడుగు కన్నా ఇంకో 0.8 కిందకి. గొట్టం చివరిదాకా కొట్టి, కింద కొంచెం ఎక్కించి, గొట్టాన్ని ఒక జానెడు పైకి లాగి మళ్ళీ కొంచెం, అలా పైదాకా. ప్రతి పాయింట్ దగ్గరా ఇంత అని కేజీలు, ప్రెషర్ ట్యాబ్‌లెట్‌లో ఎక్కుతూ ఉంటాయి. గరాజు గోడకి లేజర్ టార్గెట్లు అంటించి ఒకబ్బాయి కదలకుండా దాన్నే చూస్తూ కూచున్నాడు, రెండు రోజులూ ఆ అబ్బాయి పని అదే, 1 మిల్లీమీటరు కదిలితే ఆపెయ్యాలి, కదల్లేదు. ఐసోసయనేట్ ఊపిరితిత్తులకి మంచిది కాదు, ఒకసారి పడకపోతే జీవితాంతం పడదు, కాబట్టి వాళ్ళు మాస్కులు వేసుకున్నారు, మమ్మల్ని కిటికీలు మూసుకోమన్నారు, మా ఆవిడ పిల్లల్ని తీసుకుని కింగ్స్ పార్క్‌కి పోయింది. క్రూ మర్యాదగా ఉన్నారు, చెత్త అంతా ఎత్తుకుపోయారు, లాన్ మీద చుక్క పడలేదు, ఈ విషయంలో వంక పెట్టలేను.

తర్వాత వారం తవ్వకం. నేను సెలవు పెట్టి మరీ చూశా. చిన్న ఎక్స్‌కవేటర్ సందులోంచి దూరి మొదటి మూడు మీటర్లు తవ్వింది, ముందున్న మామూలు ఇసుక ఎప్పట్లా జారిపోయింది, అది జారిపోయాక వెనకాల గోడ కనపడింది. నిజంగా గోడే అండి. వరసగా స్తంభాలు ఒకదానిలోకి ఒకటి అతుక్కున్నట్టు, గుండ్రం గుండ్రంగా బొడిపెలు, తాటిబెల్లం రంగు, చేత్తో కొడితే డొల్ల శబ్దం లేదు, గోరుతో గీకితే రెండు రేణువులు రాలాయి అంతే. డ్రైవరు బకెట్ పళ్ళతో ఒక బొడిపె చెక్కితే బెల్లం అచ్చు విరిగినట్టు విరిగింది, ఆ ముక్క ఇప్పటికీ మా వంటింటి కిటికీలో ఉంది. ఇంజనీరమ్మ వచ్చి మొత్తం చూసి, స్తంభాల మధ్య కలవని చోట్లు ఏమన్నా ఉన్నాయా అని సుత్తితో తట్టుకుంటూ పోయింది, ఒకే ఒక్కచోట, ఏడో పాయింట్ దగ్గర, సుత్తి బుస్సున లోపలికి పోయింది, ఇసుక ధారగా కారడం మొదలైంది. అందర్నీ బయటకి రమ్మని, అక్కడ చెక్క పలకలు అడ్డం పెట్టించి, మర్నాడు కంపెనీ వాళ్ళని పిలిపించి మళ్ళీ ఎక్కించాకే కిందకి దిగనిచ్చింది. సైట్‌లో కుర్రాళ్ళు విసుక్కున్నారు కానీ ఒక ఘనమీటరు ఇసుక టన్నున్నర పైమాటే, ఛాతీ దాకా కప్పేస్తే ఊపిరి తీసుకోవడానికి కూడా ఉండదు, ఒక రోజు పోతే పోయింది. ఈ ఆవిడ లేకపోతే కంపెనీ వాళ్ళ సర్టిఫికెట్ చూసుకుని దిగేసేవాళ్ళం కదా అని ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

అసలు ఏడో పాయింట్ దగ్గర ఎందుకు కలవలేదు? రీడింగ్స్ తీసి చూస్తే అక్కడ మిగతా పాయింట్లకన్నా దాదాపు ఐదు రెట్లు రెసిన్ పోయింది, ప్రెషర్ మాత్రం అస్సలు పెరగలేదు. అంటే రెసిన్ ఎక్కడికో కారిపోతోందని ఆ ట్యాబ్‌లెట్ మొత్తుకుంటూనే ఉంది, ఎక్కించేవాడు ఆపలేదు. ఎక్కడికి పోయిందో మాకు జూన్‌లో తెలిసింది. ఇక్కడ వాన నీళ్ళు డ్రైనేజీకి పోవు, ఇంటి చుట్టూ సోక్‌వెల్స్ ఉంటాయి, అచ్చం మన నూతి వరలే, చిల్లులున్న కాంక్రీటు వర ఒకటి పాతి పైన మూత, కప్పు మీద నీళ్ళు పైపులోంచి అందులో పడి ఇసుకలోకి ఇంకిపోతాయి. మొదటి పెద్ద వానకి వెనక పైపు పైనుంచి పొంగి లాండ్రీలోకి నీళ్ళొచ్చాయి. మూత తీసి చూస్తే వర అడుగున మూరెడు మందం పచ్చటి గాజులాంటి దిమ్మ, చిల్లులన్నీ పూడుకుపోయాయి. పాత ఓనరు తవ్వి పూడ్చింది ఇదే! పని మొదలుపెట్టే ముందు బిఫోర్ యూ డిగ్ (నేల కింద లైన్ల మ్యాపులు ఇచ్చే సర్వీసు) వాళ్ళ మ్యాపులు తెప్పించారు, అందులో గ్యాస్, కరెంటు, నీళ్ళు, టెలిఫోన్ అన్నీ ఉన్నాయి, కానీ అందులో ఆ సంస్థల లైన్లే ఉంటాయి, మన స్థలంలో మనం పాతుకున్న సొంత పైపులు, సోక్‌వెల్స్ ఉండవు. వాళ్ళు నన్ను అడగలేదు, నాకూ గుర్తు రాలేదు. నిజం చెప్పాలంటే సగం తప్పు నాదే.

గొడవ ఎక్కడంటే బిల్లు. ఈ పనికి రేటు కేజీల లెక్క, కోట్‌లో అంచనా వేసినదానికన్నా 18 శాతం ఎక్కువ వాడామని అదనంగా బిల్లు వేశారు, ఆ ఎక్కువ కేజీల్లో సగం దాకా నా సోక్‌వెల్‌లో గట్టిపడి కూచుంది. అంటే నా వర పూడ్చినందుకు నేనే డబ్బులివ్వాలట! ఏడో పాయింట్ రీడింగ్ ప్రింట్ తీసి పంపించా, మూడు వారాలు జవాబు లేదు, తర్వాత ఒక మేనేజరు ఫోన్ చేసి నేల కింద ఏముందో మాకెలా తెలుస్తుంది అన్నాడు. ప్రెషర్ పెరగకపోతే ఆపాలని మీ మెథడ్ స్టేట్‌మెంట్‌లోనే (పని ఎలా చేస్తారో రాసిన కాగితం) రాసుకున్నారు కదండీ అని ఆ పేజీ నంబరు చెప్తే కాస్త మెత్తబడ్డాడు. కంపెనీ పేరు రాయట్లేదు, ఎందుకంటే సైట్ మీద పని చేసిన వాళ్ళు మంచివాళ్ళు, ఆఫీసు వాళ్ళతోనే నా పేచీ, అది ఇప్పుడు తేలిపోయింది కూడా.

గుంటూరులో ఉన్న మా బావమరిది ఈ కథంతా విని "బావా, మా వెనకాల వాళ్ళు సెల్లార్ తవ్వుతున్నారు, మాకూ ఇది చేయించొచ్చా" అన్నాడు. నల్లరేగడిలో ఈ ఇంకే రెసిన్ ఇంకదు, సందులే లేవు, బంకమట్టిని చీల్చుకుని పలకలు పలకలుగా పోతుంది, వానాకాలం ఉబ్బి ఎండాకాలం నెర్రెలిచ్చే నేలలో దాని మీద నమ్మకం పెట్టుకోకు, పైల్స్ వేయించమను, పైగా తవ్వకాల సేఫ్టీకి ఐఎస్ 3764 అని మనకీ కోడ్ ఉంది, వాళ్ళ బిల్డర్‌ని అది చదివావా అని అడుగు అని చెప్పా. కృష్ణ ఒడ్డు ఇసుకలోనో గోదావరి లంకల పక్కనో అయితే వేరే సంగతి, అక్కడ కూడా నీళ్ళు పైకే ఉంటాయి కాబట్టి ముందు నీటి సంగతి చూసుకోవాలి.

మీరెవరైనా చేయించేట్టయితే మాత్రం కేజీల రేటుకి పైన ఇంతకు మించదు అని సీలింగ్ రాయించుకోండి, ఒక పాయింట్‌లో ఎన్ని కేజీలు దాటితే ఆపి మిమ్మల్ని పిలవాలో రాయించుకోండి, ఇంటి పాత ప్లాన్లు కౌన్సిల్ నుంచి తెప్పించి వరలు, పైపులు ఎక్కడున్నాయో మీరే సున్నంతో నేల మీద గీసి పెట్టండి. ఇంజనీరు మీ మనిషి అయ్యుండాలి, వాళ్ళ మనిషి కాదు. తవ్వాక ఇసుకని ఆపే రిటైనింగ్ గోడ ఆలస్యం చెయ్యకండి, మాది మూడు వారాల్లో లైమ్‌స్టోన్ బ్లాకులతో లేచిపోయింది.

పనికి 5కి 4 స్టార్లు, ఆఫీసుకి 2. గరాజు గోడ మీద కొత్త పగులు ఒక్కటీ లేదు, పెద్దాయన ముందటి ఫొటోలు పట్టుకుని మరీ వచ్చి సరిచూసుకుని, తన చెట్టు నిమ్మకాయలు ఇచ్చి వెళ్ళాడు. కొత్త సోక్‌వెల్ వేయించాం, దాని ఖర్చులో సగం కంపెనీ వాళ్ళిచ్చారు, అదనపు బిల్లు రద్దు చేశారు. పాత వర పైకి తీసినప్పుడు నాన్నగారికి వీడియో కాల్‌లో చూపించా, అడుగున రెసిన్ దిమ్మతో సహా నిక్షేపంగా ఉంది, "పారెయ్యకురా, బోర్లించి తులసి కోట కట్టిద్దాం" అన్నారు.